చెవితో చదివే పుట

నిరుడు పదవ తరగతి కాంతి పాఠానికి ఆరు పుటల నోట్సు కంప్యూటరుపై కూర్చి, పిడిఎఫ్‌గా చేసి పిల్లలకు పంపాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయని మురిసిపోయాను కూడా. మా కోడుమూరు నుండి కర్నూలు వెళ్ళి అక్కడి పాఠశాలలో చేరిన, చూపులేని అమ్మాయి ఒకతె కూడా దానిని తెప్పించుకొన్నది. మరునాడే ఫోను చేసి, “సార్, అది తెలుగే చదవడం లేదు. ఏవో ఇంగ్లీషు అక్షరాలు గొణుగుతోంది. సోమవారం పరీక్ష” అన్నది. తప్పు ఆమె కంప్యూటరుది కాదు, నాది. అదేమిటో చూద్దాం.

చూపులేని వారికి కంప్యూటరులోని వ్రాతను పైకి చదివి వినిపించే ప్రోగ్రాములను స్క్రీన్ రీడర్లు అంటారు. తానే చూపులేని ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అటువంటిదే. అది ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. అయితే మనలాగా అది అక్షరం ఆకారాన్ని చూడదు. ఆకారం వెనుక ఉన్న సంఖ్యను చదువుతుంది.

అవును, కంప్యూటరుకు ప్రతి అక్షరమూ ఒక సంఖ్యే. 1991లో వెలువడిన యూనికోడ్ పద్ధతి తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించింది. అందులో ‘క’ 3093, ‘ర’ 3120. కాని అచ్చు పనికి చాలాకాలంగా వాడుతున్న పాత ఫాంట్లలో తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. 65 అంటే ఇంగ్లీషు ‘ఎ’. అక్కడ ఏ తలకట్టో కొమ్మో పెడితే, కంటికి తెలుగు కనిపిస్తుంది, యంత్రానికి ‘ఎ’ వినిపిస్తుంది. నేను వాడినది అటువంటి ఫాంటే.

సరే, యూనికోడ్ ఫాంటుతో మళ్ళీ కూర్చాను. ఈసారి తెలుగు పలికింది గాని, ‘కర్నూలు’ దగ్గర తడబడింది! ఎందుకో గమనించండి. ఆ మాటను మనం క, ర, పొల్లు, న, ఊత్వం, ల, ఉత్వం అనే వరుసలో వ్రాస్తాం. అచ్చులో మాత్రం ఊత్వం పోయి ‘ర’కు తగులుకొంటుంది, ‘న’ వత్తుగా క్రిందికి దిగుతుంది. పిడిఎఫ్ అంటే ‘ఈ చోట ఈ ముక్క పెట్టు’ అనే ఆజ్ఞల పట్టిక. ముక్కలను ఆ వరుసలోనే తిరిగి చదివితే ‘కరూ్నలు’ అవుతుంది. కోడుమూరుకు వత్తు లేదు కాబట్టి ఈ ఆపద తప్పింది. దీనికి విరుగుడు, ముక్కల వెనుక అసలు మాటను దాచి ఉంచడం. పిడిఎఫ్‌లో ఆ వీలున్నది.

మాటలు కుదిరినా పుట కుదరదు. పెద్ద అక్షరాలు చూచి ఇది శీర్షిక అని మీరు పోల్చుకొంటారు. యంత్రానికి చెప్పాలి. నా నోట్సు దినపత్రికలా రెండు కాలమ్‌లలో ఉంది. వరుస చెప్పకపోతే ఎడమ పంక్తి తరువాత కుడి పంక్తి అంటుకొని వస్తుంది. అందుకని శీర్షిక, పేరా, పట్టిక, బొమ్మ అని ప్రతి భాగానికీ చీటీ తగిలించాలి. వీటినే ట్యాగులు అంటారు. ఇవి ఎలా ఉండాలో తెలిపే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14289 మొదట 2012లో వచ్చింది, రెండవ భాగం 2024లో.

గణిత గ్రంథాలు కూర్చడానికి డొనాల్డ్ క్నూత్ 1978లో టెక్ అనే ప్రోగ్రాము వెలువరించాడు. దానిపై లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లేటెక్‌లో ‘ఇది శీర్షిక’ అని రచయితే చెబుతాడు. చిత్రమేమంటే, పిడిఎఫ్ తయారయ్యేసరికి ఆ సమాచారం కాస్తా పోయి అక్షరం సైజు మాత్రమే మిగిలేది. దానిని నిలబెట్టే పని లేటెక్ నిర్వాహకులు ఇప్పుడు దశలవారీగా చేస్తున్నారు. నేను లిబ్రె ఆఫీస్ రైటరుతో సరిపెట్టుకొన్నాను. శీర్షికను లావుగా చేసి ఊరుకోక ‘హెడింగ్’ అని గుర్తించి, భాష తెలుగు అని తెలిపి, పిడిఎఫ్ చేసేటప్పుడు ‘యూనివర్సల్ యాక్సెసిబిలిటీ’ అన్న గడిలో టిక్కు పెట్టాలి.

ఇక బొమ్మలు. బొమ్మకు ప్రత్యామ్నాయ వ్రాత ఉన్నదో లేదో పరీక్షించే ప్రోగ్రాములున్నాయి. ‘బొమ్మ 3’ అని వ్రాసినా అవి ఒప్పుకొంటాయి! నేను ఇంకాస్త శ్రద్ధగా “ప్రధానాక్షానికి సమాంతరంగా వచ్చిన కిరణం కుంభాకార కటకం గుండా వెళ్ళి అవతలి నాభి గుండా పోతున్నది” అని వ్రాశాను. పరీక్షలో నెగ్గింది. శనివారం రాత్రి పంపాను. ఆదివారం ఉదయం ఆ అమ్మాయి ఫోను: “అంతా చదివింది సార్. కాని వస్తువు నాభికి ఇవతలా, అవతలా? అది చెప్పకుంటే ప్రతిబింబం ఎక్కడొస్తుందో ఎట్లా తెలుస్తుంది?” ఆ వాక్యం ఫోనులోనే ఆమెకు చెప్పి, తరువాత నోట్సులో చేర్చాను.

చేసి చూడండి: మీ దగ్గరున్న ఏదైనా తెలుగు పిడిఎఫ్ తెరచి, ఒక పేరా కాపీ చేసి ఖాళీ పుటలో అతికించండి. ఇంగ్లీషు అక్షరాలు వస్తే నా మొదటి తప్పు, వత్తులు చెదిరితే రెండవది. అసలేమీ ఎంచుకోనివ్వకపోతే, అది వ్రాత కాదు, పుటకు తీసిన ఫోటో.