డయాలసిస్‌కు ముందున్న రోజులు

వైద్య సహాయం కోరుతూ మన సొసైటీకి వచ్చే దరఖాస్తుల్లో కిడ్నీ జబ్బువి చాలా ఆలస్యంగా చేతికి అందుతాయి. మొదటి కాగితం మీదే ‘వారానికి మూడుసార్లు డయాలసిస్ అవసరం’ అని డాక్టరు రాసి ఉంటారు. మీరిచ్చే జకాత్, సదఖా సొమ్ములో కొంత అటు వెళ్తుంది, వెళ్లవలసిందే. కానీ ఆ ఫైలును వెనక్కి తిప్పుతూ పోతే, నాలుగైదేళ్ల కిందటి రిపోర్టులో ఎవరూ పట్టించుకోని ఒక అంకె కనిపిస్తుంది. కొన్నిసార్లు ఆ రిపోర్టే ఉండదు. పరీక్షే చేయించలేదు. ఈ వ్యాసం ఆ ముందు రోజుల గురించి.

ఒక టైలర్ చాచా సంగతి చెప్తాను. పదిహేనేళ్లుగా షుగర్. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదని వచ్చారు. సాయంత్రం మిషన్ దిగాక మోకాళ్ల నొప్పికి రోజూ ఒక బిళ్ల వేసుకునేవారు. డాక్టరు చీటీ అక్కర్లేకుండానే మందుల షాపువాడు ఇచ్చేవాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయని చెబితే ఆయన నమ్మలేదు. ‘నడుము నొప్పి కూడా లేదు కదా బేటా, కిడ్నీ ఎలా పాడవుతుంది?’ అన్నారు. పైగా ఈ మధ్య ఇన్సులిన్ తక్కువ సరిపోతోందని, షుగర్ దారికొచ్చిందని సంతోషపడుతున్నారు కూడా.

ఆయన మాటల్లో రెండు పొరపాట్లున్నాయి. రెండూ మన ఇళ్లలో సర్వసాధారణం.

మొదటిది నొప్పి గురించి. రాయి పడితే కిడ్నీ నొప్పి పుడుతుంది. షుగర్, బీపీల వల్ల మెల్లగా పాడయ్యేటప్పుడు ఏమీ తెలియదు. పిడికిలంత ఉండే ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గొట్టాలుంటాయి. రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో ఒకటిన్నర రెండు లీటర్లు తప్ప మిగతాదంతా ఒంటికే తిరిగి అప్పగిస్తాయి. సగం గొట్టాలు పోయినా మిగిలిన సగం ఆ పని నెత్తిన వేసుకుంటాయి. అందుకే వాపు, ఆయాసం, వాంతులు, ఒళ్లంతా దురద వంటివి కనబడేసరికి చాలా భాగం పోయి ఉంటుంది.

రెండోది ఇన్సులిన్ గురించి. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తొలగించే పనిలో కిడ్నీలకు వాటా ఉంది. అవి బలహీనపడితే వేసుకున్న ఇన్సులిన్ ఎక్కువసేపు ఒంట్లో నిలిచిపోతుంది. మోతాదు తగ్గించవలసి రావడం, ఊరికే షుగర్ పడిపోవడం ఒక్కోసారి జబ్బు ముదిరిందనడానికి గుర్తు. చాచా విషయంలో జరిగింది అదే.

ఇంతకీ ఏ పరీక్ష చేయించాలి? రెండు చాలు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్. షుగర్ గాని, బీపీ గాని ఉన్నవారు ఏడాదికొకసారి రెండూ చేయించుకోవాలి. క్రియాటినిన్ ఒక్కటే చూసి ‘నార్మల్’ అని ఫైలు మూసేయకూడదు. 1.2 అనే ఒకే అంకె ముప్పై ఏళ్ల మగవాడిలో కిడ్నీ పనితీరు సుమారు 83 ఉందని చెబితే, అరవై ఏళ్ల ఆడమనిషిలో సుమారు 52కు పడిపోయిందని చెబుతుంది. వయసు, ఆడా మగా చూసి కట్టే ఈ లెక్కనే ఈజీఎఫ్ఆర్ అంటారు. ల్యాబు రిపోర్టులో అది లేకపోతే వేసిమ్మని డాక్టరును అడగవచ్చు. మూడు నెలలకు పైగా అది 60కి తక్కువగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని అర్థం. 15 లోపుకు వస్తే ఆఖరి దశ. మూత్రంలో అల్బుమిన్ పోవడం అంతకన్నా ముందుగా, క్రియాటినిన్ ఇంకా మామూలుగా ఉన్నప్పుడే కనబడవచ్చు. గ్రాము క్రియాటినిన్‌కు అల్బుమిన్ 30 మిల్లీగ్రాములు దాటితే మళ్లీ పరీక్ష చేయించి సంగతి తేల్చుకోవాలి.

పోయిన భాగం సాధారణంగా తిరిగి రాదు. ఉన్నదాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టుకోవచ్చు. బీపీని 130/80 లోపు ఉంచడం, షుగర్‌ను అదుపులో పెట్టడం ఇందులో ప్రధానం. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలు కిడ్నీ మీద ఒత్తిడిని కూడా తగ్గిస్తాయి. వాటిని మొదలుపెట్టిన వారం రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూస్తారు. క్రియాటినిన్ కొంచెం పెరిగిందని భయపడి సొంతంగా మానేయకూడదు. షుగర్ మందుగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ కిడ్నీ జబ్బు నడకను కూడా నెమ్మదింపజేస్తుందని తేలింది. ఇప్పుడది జనరిక్‌గా తక్కువ ధరకే దొరుకుతోంది. ఎవరికి ఏది పనికొస్తుందో డాక్టరే తేల్చాలి. మెట్‌ఫార్మిన్ మాత్రం ఈజీఎఫ్ఆర్ 30 లోపుకు వస్తే ఆపేయవలసిన మందు. పాత చీటీతో అదే మాత్ర ఏళ్ల తరబడి కొనుక్కునేవారికి ఈ మాట ఎవరైనా చెప్పాలి.

అసలు హాని చేసేవి మరి కొన్ని ఉన్నాయి. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు బలహీనమైన కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. చాచా సాయంత్రం వేసుకున్న బిళ్ల అదే. ఏం కలిపారో తెలియని భస్మాలు, పసర్లు, ‘కిడ్నీని కడిగేస్తుంది’ అని అమ్మే పొడులు మరో రకం. వాటిలో సీసం, పాదరసం వంటి లోహాలు ఉండే ప్రమాదం ఉంది. ఆ పొడుల కోసం డయాలసిస్ మానేసినవారిని నేను చూశాను. వాళ్ల గురించి ఇంతకన్నా రాయడం నాకిష్టం లేదు.

తిండి సంగతిలో మనవాళ్లకు భయాలెక్కువ, జాగ్రత్త తక్కువ. ఉప్పు రోజుకు ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు, బేకరీ సరుకు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. బీపీకి మంచిదని కొనే ‘తక్కువ సోడియం ఉప్పు’లో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బులో అది గుండెకు ప్రమాదం. పొటాషియం పెరిగిందని రిపోర్టు చెప్పినవారు కొబ్బరినీళ్లు, అరటిపండు, ఖర్జూరం తగ్గించుకోవాలి. పెరగనివారు ఊరికే మానేయనక్కర్లేదు. నీళ్లు ఎంత తాగితే కిడ్నీ అంత శుభ్రపడుతుందన్నది నిజం కాదు. వాపు ఉన్నవారికి కొలిచి తాగమనే చెబుతారు. ఇక మాంసం, గుడ్డు. డయాలసిస్ మొదలుకాక ముందు మితంగా తినమంటారు. మొదలయ్యాక మాంసకృత్తులు ఎక్కువే కావాలి. ఇంట్లోవాళ్లు ప్రేమతో గుడ్డు మాన్పించి మనిషిని చిక్కిపోనిస్తారు.

రంజాన్ వచ్చేసరికి ఈ ప్రశ్న తప్పక వస్తుంది: రోజా ఉండవచ్చా? పనితీరు బాగా తగ్గినవారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి రోజంతా నీళ్లు లేకుండా ఉండడం, ఇఫ్తార్‌లో ఖర్జూరాలు, షర్బత్ ఒక్కసారిగా తీసుకోవడం రెండూ ముప్పే. జబ్బుపడ్డవారికి ధర్మం మినహాయింపు ఇచ్చింది. కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా ఉంది. రంజాన్‌కు నెలా రెండు నెలల ముందే డాక్టరును, ఆలిమ్‌ను ఇద్దరినీ అడిగి నిర్ణయించుకుంటే, పెద్దాయన ఎవరికీ చెప్పకుండా మందులు మానేసి రోజా ఉండే పరిస్థితి రాదు.

ఈజీఎఫ్ఆర్ 30కి దిగువకు వస్తే నెఫ్రాలజిస్టు దగ్గరికి వెళ్లి తీరాలి. అల్బుమిన్ ఎక్కువగా పోతున్నవారు, అంకె త్వరత్వరగా పడిపోతున్నవారు అంతవరకు కూడా ఆగకూడదు. దాతలు గమనించవలసిన ఘట్టం ఇది. డయాలసిస్ తప్పదని తెలిసినప్పుడు ముంజేతిలో సిరను ధమనికి కలిపి చిన్న ఆపరేషన్ చేస్తారు. ఫిస్టులా అంటారు. అది పనికి రావడానికి నెలన్నర రెండు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ముందే చేయించుకున్నవారు నడుచుకుంటూ వెళ్లి డయాలసిస్ మొదలుపెడతారు. చేయించుకోనివారికి ఊపిరాడని రాత్రి అత్యవసరంగా మెడలో గొట్టం వేయవలసి వస్తుంది. ఆ గొట్టానికి చీము పట్టడం, జ్వరం, మళ్లీ ఆస్పత్రి. కుటుంబం అప్పులపాలయ్యేది చాలాసార్లు ఇక్కడే. అందుకే ఎడమచేతి వాటం లేనివారు ఎడమ చేతికి సూదులు గుచ్చనివ్వకుండా కాపాడుకోవాలి. హెపటైటిస్ బి టీకాలు కూడా ఆ వ్యవధిలోనే వేయించుకోవాలి. కిడ్నీ మార్పిడి గురించిన మాట కూడా అప్పుడే మొదలుపెట్టాలి. తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్య లేదా భర్త, పెద్దవాళ్లైన పిల్లలు 1994 చట్టం ప్రకారం దాతలు కావచ్చు. ఇంట్లో దాత లేనివారు జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవచ్చు.

తెలుగు నేల మీద ఈ జబ్బుకు మరో ముఖం ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు కొబ్బరి, జీడితోటల పల్లెల్లో షుగర్, బీపీ లేని కూలీలకు కూడా కిడ్నీలు పోతున్నాయి. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లోనూ ఇదే బాధ. ‘నాకు షుగర్ లేదు కదా’ అన్న ధీమా ఆ ఊళ్లలో చెల్లదు.

ప్రభుత్వ ఆరోగ్య పథకాల వల్ల అర్హులైన పేదలకు రెండు రాష్ట్రాల్లోనూ డయాలసిస్ ఉచితంగా జరుగుతోంది. పింఛను కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది నెలకు 10,000 రూపాయలు. మరి మన సొమ్ము దేనికి అంటారేమో. వారానికి మూడుసార్లు ఆటో ఛార్జీలు, వెంట వెళ్లే కొడుకు పోగొట్టుకునే కూలి, రక్తం తగ్గినప్పుడు బయట కొనవలసి వచ్చే ఇంజెక్షన్లు, ఇవేవీ ఆ ఉచితంలో పూర్తిగా ఇమడవు. అంతకన్నా ముందు, ఎవరూ డబ్బు అడగని ఖర్చు ఒకటుంది. మొహల్లాలో షుగర్, బీపీ ఉన్నవారికి ఏడాదికొకసారి ఆ రెండు పరీక్షలు. దానికోసం ఎవరూ దరఖాస్తు పెట్టుకోరు. జబ్బుందని వాళ్లకే తెలియదు గనుక.

టైలర్ చాచాకు సమయం కొంచెం మిగిలి ఉంది. ఫిస్టులా చేయించారు. నొప్పి బిళ్ల మానేశారు. దుకాణం ఇప్పుడు పెద్దకొడుకు చూస్తున్నాడు. తండ్రి ఫైలు పట్టుకుని తిరిగీ తిరిగీ చివరికి ఆ అబ్బాయి కూడా పరీక్ష చేయించుకున్నాడు. వయసు ముప్పై ఆరు. క్రియాటినిన్ మామూలుగానే ఉంది, మూత్రంలో అల్బుమిన్ మాత్రం పోతోంది, బీపీ 150. రోజుకొక మాత్ర రాశారు. మూడు నెలలకోసారి రిపోర్టు తెచ్చి నాకు చూపించి వెళ్తున్నాడు.