క్లాసు జరుగుతోంది, మిక్సీ ఆపండి

2020 మార్చి 14న తెలంగాణ ప్రభుత్వం విద్యాసంస్థలన్నీ మార్చి 31 వరకు బంద్ అని ప్రకటించింది. మాది 2019 బ్యాచ్. ఫస్ట్ ఇయర్ సెకండ్ సెమ్ నడుస్తోంది. హాస్టల్ అంతా పండగ. రెండు వారాలే కదా అని రెండు జతల బట్టలు, చార్జరు, ఒక మ్యాథ్స్ పుస్తకం బ్యాగులో పడేసుకుని కోదాడ బస్సెక్కాను. పుస్తకం చదవడానికి కాదు, అమ్మ చూడ్డానికి. ఆ గది తాళం మళ్ళీ తీసింది 2021 ఫిబ్రవరిలో. లోపల ఆరేసిన టవల్ అట్టలా బిగుసుకుపోయి ఉంది.

ఇది చదివే జూనియర్లలో చాలామంది అప్పటికి టెన్తో ఇంటరో. ఆన్‌లైన్ క్లాసుల మీద జోకులు మీకూ తెలుసు, మాకూ తెలుసు. మ్యూట్‌లో ఉండి గంటసేపు పాఠం చెప్పిన సార్లు, కెమెరా ఆన్‌లో ఉందని మర్చిపోయి నిద్రపోయిన మహానుభావులు, వీళ్ళ గురించి మళ్ళీ రాయను. అదే ఇంట్లో, తలుపుకి అవతల అమ్మానాన్నలు ఏం చేశారో రాస్తాను. అప్పుడు నాకు అది కనిపించలేదు.

ముందు డేటా లెక్క చూద్దాం, ఇంజనీరింగ్ వాళ్ళమే కదా. అందరి కెమెరాలూ ఆన్‌లో ఉన్న గ్రూప్ వీడియో కాల్‌కి గంటకి దాదాపు ఒక జీబీ ఖర్చవుతుంది. కెమెరాలు కట్టేసి స్లైడ్లు మాత్రమే చూస్తే బాగా తగ్గుతుంది. మా ఊళ్ళో అందరిదీ రోజుకి ఒకటిన్నర జీబీ ప్లాను. రోజుకి నాలుగు క్లాసులు. మూడో క్లాసు మధ్యలో డేటా అయిపోయేది, స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోయేది. అంటే సెకనుకి 8 కిలోబైట్లు. ఆ స్పీడులో 10 ఎంబీ నోట్స్ పీడీఎఫ్ దిగాలంటే ఇరవై నిమిషాలు పైనే, అదీ సిగ్నల్ ఉంటే. సిగ్నల్ కోసం డాబా ఎక్కేవాణ్ణి. మే నెల ఎండలో డాబా మీద డేటా స్ట్రక్చర్స్ ఎలా ఎక్కుతాయో ఊహించుకోండి.

మూడో క్లాసు తర్వాత నాన్న ఫోన్ హాట్‌స్పాట్. తన డేటా మొత్తం నాకే. నాన్న వార్తలు చూడ్డం మానేశాడు. "రోజూ అదే కరోనా గోల, చూడబుద్ధి కావట్లేదురా" అనేవాడు. నేను నిజంగానే చూడబుద్ధి కావట్లేదేమో అనుకున్నాను.

అయినా మేం అదృష్టవంతుల లెక్కలోకే వస్తాం. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న ఇళ్ళు నూటికి 15 మాత్రమే. కంప్యూటర్ ఉన్నవి నూటికి నాలుగో ఐదో. రెండేళ్ళలో ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఒక ఇంట్లో ఒక స్మార్ట్‌ఫోన్ ఉండి, ఇద్దరు పిల్లలకి ఒకే టైముకి క్లాసు ఉంటే ఎవరికివ్వాలి? చాలా ఇళ్ళల్లో ఈ తీర్పు అమ్మలే చెప్పారు. అన్నయ్యకిచ్చి చెల్లిని ఆగమన్న ఇళ్ళే ఎక్కువగా చూశాను. ఆ లెక్క ఆ సర్వేలో లేదు.

మా తమ్ముడు అప్పుడు తొమ్మిదో తరగతి. స్కూలు పిల్లలకి సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానెళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. ముందు గదిలో టీవీలో వాడి క్లాసు, వెనక గదిలో ఫోన్‌లో నా క్లాసు, మధ్యలో వంటిల్లు. ఒకరోజు నా వైవా జరుగుతుంటే మిక్సీ మోగింది. నేను మ్యూట్ చేసి గట్టిగా అరిచాను. అప్పటినుంచి పగలు మా ఇంట్లో మిక్సీ మోగలేదు. అమ్మ రోలు కడిగి పెట్టుకుంది. ఆ ఏడాది మేం తిన్న రోటి పచ్చళ్ళకి లెక్కలేదు. "లాక్‌డౌన్‌లో మీ అమ్మ చేతికి రుచి పెరిగింది" అని నాన్న మెచ్చుకునేవాడు, నేను తలూపేవాణ్ణి. రుచి ఎందుకు పెరిగిందో ఇద్దరం ఆలోచించలేదు.

ఇంకో కష్టం ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అంతకుముందు పదేళ్ళపాటు ఫోన్ పట్టుకుంటే చదువు పాడవుతుందని చెప్పింది వీళ్ళే. ఒక్క వారంలో ఫోనే కాలేజీ అయిపోయింది. పిల్లాడు మంచం మీద పడుకుని చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని స్క్రీన్ చూస్తున్నాడు. వాడు థర్మోడైనమిక్స్ వింటున్నాడా, పబ్జీ ఆడుతున్నాడా? ఎలా తెలుస్తుంది? అమ్మ టెన్త్ వరకు చదివింది, నాన్న ఇంటర్ ఫెయిల్. స్క్రీన్ మీద కోడ్ కనిపించినా అది చదువో కాదో చెప్పలేరు. వాళ్ళకున్న దారులు రెండే, అనుమానించడం, నమ్మడం. మా పక్కింటి అంకుల్ అనుమానించాడు. గంటకోసారి గదిలోకి వచ్చి చూసి వెళ్ళేవాడు. ఆ ఇంట్లో జరిగిన గొడవలు వీధంతా విన్నాం. మా నాన్న ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు. చూసి ఉంటే సగం రోజులు దొరికిపోయేవాణ్ణి, ఒప్పుకుంటున్నాను.

ఇక దూరంగా చిక్కుకుపోయినవాళ్ళ సంగతి. మార్చి 24 రాత్రి 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. మర్నాడు హైదరాబాద్‌లో చాలా ప్రైవేటు హాస్టళ్ళు పిల్లల్ని ఖాళీ చేయమన్నాయి. పోలీసులు పాసులిచ్చారు, ఆ పాసులు పట్టుకుని వేలమంది బళ్ళమీద, కార్లలో ఆంధ్రా వైపు బయల్దేరారు. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆపేశారు. పాసిచ్చింది తెలంగాణ, ఆపింది ఆంధ్రప్రదేశ్. మా మేనత్త కొడుకు, నాకు బావ, అందులో ఉన్నాడు. ఫైనల్ ఇయర్. ప్లేస్‌మెంట్స్ కోసం అమీర్‌పేటలో కోర్సు చేస్తూ అక్కడే ఉండిపోయాడు. నందిగామ నుంచి మామయ్య ఎలాగోలా చెక్‌పోస్టు దాకా వచ్చాడు. మధ్యలో బారికేడ్. ఇటు కొడుకు, అటు తండ్రి. పులిహోర డబ్బా ఒక కానిస్టేబుల్ అందించాడు కానీ బావని మాత్రం దాటనివ్వలేదు. రాత్రి పదకొండుకి మామయ్య నాన్నకి ఫోన్ చేశాడు. "బావా, వాణ్ణి మీ ఇంటికి పంపుతున్నా" అన్నాడు, అంతే. బావ వెనక్కి తిరిగి మా ఇంటికొచ్చి రెండు నెలలు ఉన్నాడు. మొదటి పద్నాలుగు రోజులు పశువుల కొట్టం పక్క గదిలో. అత్తయ్య రోజుకి మూడుసార్లు వీడియో కాల్ చేసేది. ఏం తిన్నావు అని అడగడానికి కాదు, అది మా అమ్మని అడిగేది. కొడుకు ముఖం చూడ్డానికి.

అదే ఏప్రిల్‌లో నిజామాబాద్ జిల్లా బోధన్ నుంచి ఒక ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు స్కూటీ మీద నెల్లూరు వెళ్ళి, అక్కడ చిక్కుకున్న కొడుకుని వెనక కూర్చోబెట్టుకుని తిరిగొచ్చింది. రానూ పోనూ దాదాపు 1,400 కిలోమీటర్లు, మూడు రోజులు. పేపర్లన్నీ రాశాయి. అది చదివి మా అత్తయ్య "నాకు స్కూటీ రాదే" అని ఏడ్చిందట. ఒకరి సాహసం పేపర్లో వస్తే, అది చేయలేని వందమంది తల్లులకి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

విదేశాల్లో చదివేవాళ్ళ ఇళ్ళల్లో అయితే చేయడానికి ఏమీ లేదు. 2020 జులై 6న అమెరికా ఒక ఆదేశం ఇచ్చింది. క్లాసులన్నీ ఆన్‌లైన్ అయితే విదేశీ విద్యార్థులు దేశం విడిచి వెళ్ళాలన్నది దాని సారాంశం. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెళ్ళాక జులై 14న వెనక్కి తీసుకున్నారు. మధ్యలో ఎనిమిది రోజులు. మా వీధి చివర ఇంట్లో అక్క ఎంఎస్ చేస్తోంది. ఆ ఎనిమిది రోజులూ ఆ ఇంట్లో రాత్రి రెండింటికి కూడా లైటు వెలుగుతూనే ఉంది.

ఇప్పుడు డబ్బు. మాది హైవే మీద టిఫిన్ సెంటర్. హైదరాబాద్-విజయవాడ బస్సులే మా గిరాకీ. లాక్‌డౌన్‌లో పూర్తిగా మూత. జూన్ 8 నుంచి హోటళ్ళు తెరవొచ్చన్నారు కానీ తెరిచి ఎవరికి పెట్టాలి? రెండు రాష్ట్రాల ఆర్టీసీ బస్సులు మళ్ళీ తిరగడం మొదలైంది నవంబర్ 2న. అంటే ఏడు నెలలపైన ఆదాయం దాదాపు సున్నా. సరిగ్గా అదే టైములో నేను లాప్‌టాప్ కావాలని గొడవపెట్టాను. ఫోన్‌లో ప్రోగ్రామింగ్ చేయడం నరకమే, అందులో అబద్ధం లేదు. కానీ అడిగిన తీరు ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. "క్లాసులో అందరికీ ఉంది, నాకే లేదు" అన్నాను. అందరికీ లేదు. సగంమందికి లేదు.

ఆగస్టులో లాప్‌టాప్ వచ్చింది. సెప్టెంబర్‌లో ఫీజూ కట్టేశారు. నాది పదివేల లోపు ర్యాంకు కాదు కాబట్టి రీయింబర్స్‌మెంట్ 35 వేల వరకే, మిగతాది ఇంటి నుంచే. ఎక్కణ్ణుంచి వచ్చాయని నేను అడగలేదు. డిసెంబర్‌లో గ్యాస్ బుక్ వెతుకుతుంటే దాని కింద బ్యాంకు కాగితం దొరికింది. గోల్డ్ లోన్. అమ్మ గొలుసు, రెండు తులాలు.

ఆ కాగితం వెనక ఉన్న కథ తర్వాత చదివి తెలుసుకున్నాను. 2020 ఆగస్టులో బంగారం పది గ్రాములు 55 వేలు దాటింది, అప్పటికి అదే రికార్డు. అదే నెలలో రిజర్వ్ బ్యాంకు ఒక వెసులుబాటు ఇచ్చింది. అంతవరకు నగ విలువలో 75 శాతం వరకే అప్పు ఇవ్వాల్సిన బ్యాంకులు, 2021 మార్చి 31 దాకా 90 శాతం ఇవ్వొచ్చు. లక్ష విలువైన గొలుసుకి 75 వేలకి బదులు 90 వేలు చేతికొస్తాయి. కష్టంలో ఉన్నవాడికి ఆ పదిహేను వేలు పెద్ద మొత్తమే. కానీ ధర తగ్గితే ఏంటి? 2021 మార్చికి బంగారం 45 వేల దగ్గరికి పడింది. 90 వేలు ఇచ్చిన గొలుసు విలువ 80 వేల పైచిలుకుకి దిగింది, పైన వడ్డీ. ఇలాంటప్పుడు బ్యాంకు తేడా కట్టమని అడగొచ్చు. మా ఇంటికి ఆ ఫోన్ వచ్చింది. నాన్న మేడ మీదకెళ్ళి మాట్లాడాడు. సిగ్నల్ కోసం వెళ్ళాడనుకున్నాను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది అప్పు కాదు. ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా, ఒకే ఇంట్లో ఉండి, రోజూ మూడు పూటలా అమ్మ చేతి అన్నం తింటూ, మెడలో గొలుసు లేదని నేను గమనించలేదు. పసుపుతాడు మాత్రమే ఉంది. ఐదు నెలలు.

పిల్లలకి డబ్బు కష్టం తెలియనివ్వకూడదని మన ఇళ్ళల్లో ఒక పట్టుదల ఉంటుంది. అది ప్రేమే, కాదనను. కానీ తప్పు అని నా అభిప్రాయం. నా ఫ్రెండ్ వాళ్ళ నాన్న ఏప్రిల్‌లోనే అందర్నీ కూర్చోబెట్టి ఇంటి లెక్క మొత్తం చెప్పాడు. చేతిలో ఇంత ఉంది, ఇన్ని నెలలు వస్తుంది అని. వాడు వాళ్ళ జాబ్ కార్డు మీద ఉపాధి హామీ పనికి వెళ్ళాడు. అప్పుడు రోజు కూలి 237 రూపాయలు. పొద్దున మట్టి పని, మధ్యాహ్నం క్లాసు. వాడికి చేతులు బొబ్బలెక్కాయి గానీ, నాలాగా డిసెంబర్‌లో కాగితం చూసి ఏడవాల్సిన పని పడలేదు. నాకు చెప్పి ఉంటే నేనూ వెళ్ళేవాణ్ణా? వెళ్ళేవాణ్ణనే అనుకోవాలని ఉంది.

2021 ఏప్రిల్, మే నెలల్లో పాత్రలు మారాయి. మే 12 నుంచి తెలంగాణలో మళ్ళీ లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది వరకే సడలింపు. ఆ వారమే నాన్నకి జ్వరం. బావ ఒకప్పుడు ఉన్న గదిలోకి నాన్న వెళ్ళాడు. అమ్మని దగ్గరికి వెళ్ళొద్దన్నాను, తలుపు దగ్గర పళ్ళెం పెట్టే పని నాది. ఆరు గంటలకోసారి ఆక్సీమీటర్ రీడింగ్ నోట్‌బుక్‌లో రాసేవాణ్ణి. 97, 96, 95. గదిలోనే ఆరు నిమిషాలు నడిపించి మళ్ళీ చూడాలి, 94 కంటే తగ్గితే ఆసుపత్రికి. ఒక రాత్రి 94 దగ్గర ఆగింది. నేనూ అమ్మా గుమ్మం బయటే కూర్చున్నాం. తెల్లారేసరికి 96. ల్యాబ్ రికార్డు అంత శ్రద్ధగా నేనెప్పుడూ రాయలేదు.

టీకా స్లాట్లూ అంతే. కోవిన్ మొదట్లో ఇంగ్లీషులోనే ఉండేది. ఓటీపీ వచ్చి, పిన్‌కోడ్ కొట్టేలోపు స్లాట్లు అయిపోయేవి. ఫోన్ వ్యసనమని తిట్టిన పక్కింటి అంకుల్‌కి, వాళ్ళ ఆవిడకి స్లాటు పట్టింది వాళ్ళబ్బాయే. వీధిలో ఇంకో పదకొండు మందికి కూడా వాడే చేశాడు.

అందరి నాన్నలూ 96కి రాలేదు. మా బ్యాచ్‌లో ఇద్దరికి రాలేదు. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల కోసం 2021 మే చివర్లో ప్రకటించిన పీఎం కేర్స్ పథకం 18 ఏళ్ళ లోపువారికి. బీటెక్ చదివేవాళ్ళు ఎక్కువమంది ఆ గీత దాటేసినవాళ్ళే. మనలాంటివాళ్ళకి ఏఐసీటీఈ వాళ్ళ స్వనాథ్ స్కాలర్‌షిప్ ఉంది, ఏటా 50 వేలు. కోవిడ్‌తో తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవాళ్ళు కూడా అర్హులు, కుటుంబ ఆదాయ పరిమితి ఉంది. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. మా ఇద్దరిలో ఒకడికి ఈ సంగతి ఏడాది తర్వాతగానీ తెలీలేదు. మీ క్లాసులో ఎవరైనా ఉంటే ఈ ముక్క వాళ్ళకి పంపండి, మిగతా వ్యాసం చదవకపోయినా ఫర్వాలేదు.

గొలుసు 2022 సంక్రాంతికి విడిపించారు. మిక్సీ మళ్ళీ మోగుతోంది, పచ్చడి మునుపటి రుచికి దిగిపోయింది. నేను హాస్టల్‌కి వచ్చేశాను. నాన్న ఇప్పటికీ ఫోన్ చేయగానే "క్లాసులో ఉన్నావా?" అని అడుగుతాడు. నేను లేదని చెప్పేలోపు పెట్టేస్తాడు. మళ్ళీ నేనే చేయాలి.