శిల్పం మెరిసిన చోట వస్తువు ఏమైంది?

శిల్పం ఎక్కువై వస్తువు చచ్చిపోయిందని ఒక కృతిని గురించి మనం సులువుగా అనేస్తుంటాం. వస్తువు ఎక్కడ ఉన్నది, ఏ చోట జారిపోయింది, ఎందువల్ల జారింది అన్నవి చెప్పనంతవరకు ఆ మాట తిట్టుగానే ఉంటుంది. ఈ ప్రశ్నను విప్పి చూడటానికి నేనొక జపాను యానిమేషన్ చిత్రాన్ని తీసుకుంటున్నాను. సాహిత్య విద్యార్థులకు ఇది వింతగా తోచవచ్చు. కాని మహాకృతులు తమ అతుకులను కనబడనివ్వవు. ఇలాంటి సగం పండిన కృతులలో అవి స్పష్టంగా కనిపిస్తాయి.

చిత్రం పేరు 'సైబర్ సిటీ ఓయెడో 808'. మ్యాడ్‌హౌస్ సంస్థ తీసింది, యోషియాకి కవాజిరి దర్శకుడు. 1990-91లో మూడు భాగాలుగా వచ్చింది. ఒక్కొక్కటి దాదాపు ముప్పావుగంట. థియేటరు కోసమో టెలివిజన్ కోసమో కాక, నేరుగా వీడియో కాసెట్లుగా అమ్మడానికి తీసిన సరుకు ఇది. జపానులో ఈ పద్ధతి 1983లో 'డల్లోస్' అనే చిత్రంతో మొదలయింది.

కథాకాలం 2808వ సంవత్సరం. వందల ఏళ్ల శిక్ష పడి, భూమి చుట్టూ తిరిగే కారాగారంలో మగ్గుతున్న ముగ్గురు ఖైదీలను పోలీసు అధికారి హసెగావా బయటికి తెస్తాడు. తన తరఫున నేరగాళ్లను పట్టాలి. ఒక్కొక్క పని పూర్తిచేస్తే శిక్షలో కొన్ని ఏళ్లు తగ్గుతాయి. మెడకు పేలుడు పట్టీ ఉంటుంది. గడువు దాటితే తల ఎగిరిపోతుంది.

ఒక్క క్షణం ఆగి చూడండి. ఇక్కడ కూలి డబ్బులలో లేదు, ఏళ్లలో ఉంది. ఒక మనిషి ఆయుష్షుకు మించిన శిక్ష వేసి, అందులోంచే చిల్లర తీసి అతనికి జీతంగా ఇస్తున్నారు. ఖైదీ పని చేసేది తన కాలాన్ని తాను తిరిగి కొనుక్కోవడానికి. గడియారమే మేస్త్రీ. శ్రమకూ కాలానికీ ఉన్న సంబంధాన్ని ఇంత సూటిగా ఒక బొమ్మలో పెట్టగలగడం సామాన్య విషయం కాదు. వస్తువు లేదని ఎవరనగలరు?

పైగా ఈ ఊహ గాలిలోంచి పుట్టింది కాదు. ఓయెడో అంటే 'మహా ఎడో'. ఎడో టోక్యో నగరానికి పాత పేరు. ఆ నగరపు పేటలను 'ఎనిమిదివందల ఎనిమిది' అని చెప్పుకోవడం జపానులో వాడుక. పేరులోని అంకె అక్కడిదే. ఈ ఖైదీల చేతిలో ఉండే జిట్టె అనే కొక్కెపు ఇనుపకడ్డీ ఎడో కాలపు రక్షకభటులది. ఆ కాలంలో నేరస్థులనే వేగులుగా పెట్టుకుని దొంగలను పట్టించడం కూడా ఉండేది. బెంటెన్ అనే మూడో ఖైదీ ఆడతనం తొణికే రూపం, కబుకి రంగస్థలం మీద స్త్రీవేషంలో దోచుకునే బెంటెన్ కోజో అనే దొంగను గుర్తుచేస్తుంది. ఇంత చరిత్రను చిత్రకారులు రేఖలలోకి తెచ్చారు. కథ మాత్రం దాన్ని అలంకారంగా తగిలించుకుని ముందుకు నడిచిపోయింది.

మొదటి భాగంలో ఒక ఆకాశసౌధం ఉంది. దాన్ని రూపొందించినవాణ్ణి చంపి ఇంకొకడు యజమాని అయ్యాడు. చచ్చినవాడు కంప్యూటరు ద్వారా భవనాన్ని వశం చేసుకుని, లోపలి జనాన్ని బంధించి, పగ తీర్చుకుంటాడు. కట్టినవాడెవడు, అనుభవించేవాడెవడు అన్న ప్రశ్న గుమ్మం దాకా వచ్చి దయ్యం కథగా మారి వెనక్కి పోయింది. రెండో భాగంలో సైన్యం తన యంత్రమానవుణ్ణి ఈ ఖైదీల మీదనే పరీక్షిస్తుంది. వస్తువుకు అన్నింటికంటే దగ్గరగా వచ్చింది ఇదే. కాని పాత ప్రేయసి కన్నీళ్లూ చివరి ద్వంద్వయుద్ధమూ కలిసి దాన్ని మింగేశాయి. మూడోదానిలో జన్యుశాస్త్రజ్ఞుల హత్యలు, రక్తపిశాచి. ఆ నీలిరాత్రి, ఎర్రని వెలుతురు, పోరుకు ముందరి నిశ్శబ్దం నాకెంతో నచ్చాయి. నచ్చాయని చెప్పడానికి అభ్యుదయవాది సిగ్గుపడనక్కరలేదు.

మరి కారణమేమిటి? దర్శకుడి అశక్తత అనడం తొందరపాటు. 1985 ప్లాజా ఒప్పందం తరువాత జపానులో డబ్బు పొంగింది. 1989 డిసెంబరులో షేర్ల ధరలు శిఖరానికెక్కి, మరుసటి ఏడు కూలడం మొదలయింది. మన చిత్రం ఆ శిఖరానికీ పతనానికీ మధ్య పుట్టింది. కాసెట్టు ఖరీదైనది. కొన్నవాడు దాన్ని మళ్లీ మళ్లీ వేసి చూస్తాడు. కథ ఒకసారికి అయిపోతుంది, దృశ్యం అయిపోదు. కనుక పెట్టుబడి దృశ్యం మీదికి పోయింది. టెలివిజన్ చిత్రాలకున్న బొమ్మల కంపెనీల పెత్తనం ఇక్కడ లేదు. దొరికిన ఆ స్వేచ్ఛ రాత్రికి రంగులద్దడానికి ఖర్చయింది.

ఇందుకొక సాక్ష్యం కూడా ఉంది. ఈ చిత్రం బ్రిటనులో విడుదలైనప్పుడు అక్కడివారు పాత సంగీతం తీసేసి రోరీ మెక్‌ఫార్లేన్ చేత కొత్తది కట్టించారు. సంభాషణల్లో బూతులు కుమ్మరించారు. ఆ రూపమే మేలనే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. పాత్రల మాటలు మార్చినా నష్టం తెలియలేదంటే, ఆ మాటలు మోస్తున్న బరువెంతో ఊహించుకోవచ్చు.

వినోద చిత్రం నుంచి ఇంతకంటే ఆశించడం అన్యాయమని కొందరంటారు. 1993లో వచ్చిన మమోరు ఒషీ చిత్రం 'పాట్‌లేబర్ 2' కూడా పోలీసులూ యంత్రాలూ ఉన్న వినోద చిత్రమే. అందులోనూ శిల్పం దట్టంగా ఉంది. కాని టోక్యో వీధుల్లో మంచు కింద నిలబెట్టిన ట్యాంకులు, యుద్ధానంతర జపాను అనుభవిస్తున్న శాంతి ఎవరి ఖర్చు మీద నిలిచిందని అడుగుతాయి. అక్కడ ప్రతి నిదానపు దృశ్యమూ ఆ ప్రశ్నను మోస్తుంది.

ఓయెడోలో అడగవలసిన ప్రశ్న చాలా చిన్నది: ఇంకా ఎన్నేళ్లు? మూడో కాసెట్టు ముగిసేసరికి కూడా ఖైదీలు హసెగావా చేతికిందే ఉన్నారు. మిగిలిన ఏళ్ల లెక్క ఎవరూ తేల్చలేదు. నాలుగోది రాలేదు.