పెరటి పువ్వుకు రెండు పేర్లు

ఉగాది సమీపించగానే కోయంబత్తూరు, మధుర ప్రాంతాల తెలుగు ఇళ్లలో పెద్దల చూపు మొదట వేపచెట్టు మీదికి పోతుంది. పాత ఆకు రాల్చి ఎర్రని చిగురు తొడిగిన చెట్టు చైత్రం నాటికి తెల్లని పూతతో నిండుతుంది. విజయనగర, మధుర నాయకరాజుల కాలం నుండి అక్కడ స్థిరపడిన కుటుంబాలలో అనేకులు తెలుగు లిపిని మరచినా, ఆ పూతతో చేసే పచ్చడిని మాత్రం మరువలేదు. ఏప్రిల్ నడుమ వచ్చే తమిళ సంవత్సరాదికి పొరుగువారి మామిడికాయ పచ్చడిలోనూ అదే పువ్వు పడుతుంది.

వసంతంలో ఈ సీమ నేల ఎండి కనిపించడానికి కారణమున్నది. ఇక్కడ వర్షంలో అధికభాగం అక్టోబరు నుండి డిసెంబరు వరకు వీచే ఈశాన్య ఋతుపవనాల వలన కురుస్తుంది. చైత్రానికి పైమట్టిలో తేమ మిగలదు. వేరు లోతుకు దిగిన వేప, మోదుగ, కానుగ వంటి చెట్లు మాత్రమే పూస్తాయి. తుమ్మి వంటి చిరుమొక్కలు విత్తనాలుగా మట్టిలో నిద్రించి, వాన పడినప్పుడు మొలకెత్తుతాయి. కనుక వేసవిలో బోసిగా కనిపించే పెరడు నిజానికి ఖాళీ కాదు. ఆ మట్టిని చెక్కి పారవేస్తే రాబోయే పూలు పోయినట్లే.

ఆ పూలతోపాటు పోయేది మరొకటి ఉన్నది. 2006లో వచ్చిన చట్టం తమిళనాడు పాఠశాలల్లో దశలవారీగా పదవ తరగతి వరకు తమిళాన్ని తప్పనిసరి చేసింది. అవ్వ తుమ్మి అన్న పువ్వును మనుమరాలు తుంబై అంటుంది. రెండూ సరియైన పేర్లే. వేప, వేంబు వలె అవి తోబుట్టువులు. తంగేడును ఆవారం అని, ఉత్తరేణిని నాయురువి అని, పల్లేరును నెరింజి అని పిలిచే చోట మాత్రం పోలిక లేదు. బడిలో వినబడని ఆ తెలుగు పేర్లు ఇంట్లోనూ పలకకపోతే పిల్లలకు ఇక వినబడవు. కోయంబత్తూరు వైపు భోగినాడు ఇంటి చూరుకు వేపాకు, ఆవారం పువ్వు, పూళై పువ్వు కలిపి కట్టే ఆచారం ఉన్నది. అందులోని పూళైయే మన కొండపిండి అని చెప్పేవారు ఇంట్లో ఒకరైనా ఉండాలి.

ఈ మొక్కలను పెంచడం కష్టం కాదు. తంగేడు గింజ పైపొర గట్టిది; గరుకు రాతిపై కొంచెం రుద్ది, రాత్రంతా నీటిలో నానబెట్టి, మొక్క శాశ్వతంగా ఉండవలసిన చోటనే నాటాలి. శంఖుపువ్వు గింజలను కూడ నానబెట్టి, వేసవి జల్లులు పడగానే కంచె పొడవునా వేస్తే తీగ అల్లుకుంటుంది. చిక్కుడు జాతిది గనుక నేలకు నత్రజనిని చేకూరుస్తుంది. ఎండిన తుమ్మి గుత్తులను దులిపి, వదులు చేసిన మట్టిపై చల్లి, పైన పలుచగా మన్ను కప్పితే చాలు. పెరటిలో ఒక మూల పారకు, చీపురుకు దూరంగా వదిలిపెట్టడం అన్నిటికంటె ముఖ్యం.

అయితే తానుగా మొలిచిన ప్రతి మొక్కనూ ఉంచుకోరాదు. 1950లలో పూనా వద్ద కనిపించి దేశమంతటా వ్యాపించిన వయ్యారిభామ చర్మానికి దురద, కొందరికి ఉబ్బసం కలిగిస్తుంది. చేతికి తొడుగు వేసుకొని, పూయకముందే వేరుతో పెరికివేయాలి. ఉమ్మెత్త, గన్నేరు విషపూరితాలని పిల్లలకు ముందుగానే చెప్పాలి.

చిత్తూరు సరిహద్దు పల్లెల పెరళ్లలోనూ ఈ మొక్కలే ఉన్నాయి. ఒక పాత నోటుపుస్తకంలో పువ్వు కనిపించిన తేదీ, దాని తెలుగు పేరు, తమిళ పేరు పక్కపక్కన వ్రాయిస్తే అది పిల్లలకు ప్రకృతి పాఠం, భాషాపాఠం రెండూ అవుతుంది. వాకిలి మొత్తం సిమెంటు చేయించే ముందు ఆ పుస్తకం కోసమైనా నాలుగడుగుల మట్టి మిగల్చడం మంచిది.