మీకు తెలుసా? పెనిసిలిన్‌ను ఛేదించు ఎంజైము

అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటి ఔషధములకు మూలద్రవ్యమైన 6-అమినోపెనిసిలానిక్ ఆమ్లమును పెనిసిలిన్-జి నుండి రాబట్టుటకు ఒకప్పుడు కర్మాగారములందు సున్నకు దిగువ 40 డిగ్రీల శైత్యమును కల్పించి, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడు వంటి తీవ్ర రసాయనములను, క్లోరినుతో కూడిన ద్రావకములను వాడవలసి వచ్చెడిది. నేడు ఆ కార్యమునే ఇ.కోలై మొదలైన సూక్ష్మజీవుల నుండి లభించు పెనిసిలిన్ ఎసైలేజ్ అను ఎంజైము గోరువెచ్చని నీటిలో నెరవేర్చుచున్నది. అది పార్శ్వశృంఖలమును మాత్రమే తెంచి, ఔషధశక్తికి ఆయువుపట్టయి సులభముగా విచ్ఛిన్నమగు బీటా-లాక్టమ్ వలయమును తాకనైన తాకదు; ఒక ప్రోటీను అణువునకు ఇంతటి వివేచన యుండుట నిజముగా అబ్బురము! ఎంజైమును సన్నని పూసలకు అతికించి యుంచుదురు గనుక, ద్రవమును వడకట్టి, అవే పూసలను పెక్కు పర్యాయములు వినియోగింపవచ్చును. చర్యలో వెలువడు ఫినైల్ ఎసిటిక్ ఆమ్లము నీటి ఆమ్లత్వమును పెంచును గావున, క్షారమును కొంచెము కొంచెముగా చేర్చుచు పి.హెచ్. విలువను 8 దాపున నిలుపవలెను. పిమ్మట ఆ ఆమ్లమును వేరుచేసి, పెనిసిలియమ్ బూజును పెంచు తొట్లకు మరల పంపి, క్రొత్త పెనిసిలిన్ తయారీకి ఉపయోగింపవచ్చును.