ఆవు పడిన రంధ్రము

కళింగపట్నమున వంశధార సముద్రమున కలియుచోట నిలిచి చూచినచో నది నడకయంతయు బట్టబయలు. అదే తీరమున దక్షిణముగా, భీమునిపట్నము కడ కడలిజేరు గోస్తని కథ వేఱు. అనంతగిరి కొండలలో దాని నీరు రాతిని తొలిచి, కొండ కడుపున మహామందిరమునే కట్టినది. అవియే బొర్రా గుహలు. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివి.

గుహ కప్పునకు ఒక రంధ్రము గలదు. మేయుచున్న ఆవొకటి దానిగుండ 60 మీటర్ల లోతునకు జారిపడెననియు, వెదకుచు దిగిన కాపరికి ఆవుతోపాటు లింగాకారపు శిల కానవచ్చెననియు గిరిజనులు చెప్పుకొందురు. గోస్తనమనగా ఆవు పొదుగు; నది పేరు ఆ కథతో ముడివడినది. కథలోనివాడే కానిండు, ఆ గుహకు తొలి అన్వేషకుడు ఆ పసులకాపరియే. శాస్త్రజ్ఞులు పిమ్మట వచ్చినవారు.

రంధ్రమెట్లు పడును? వాననీరు గాలిలోను మట్టిలోను బొగ్గుపులుసు వాయువును గ్రహించి పలుచని ఆమ్లమగును. సున్నపురాతి పగుళ్లలో దిగి, రాతిని కొంచెము కొంచెముగా కరగించును. లోపలి బోలు పెరిగి కప్పు కూలినచో నేలపై గొయ్యి. సొరంగము పొడవునను కూలినచో నిట్టనిలువు గోడల లోయ. ఇట్టి నేలకు కార్స్టు అని పేరు. స్లోవేనియా, ఇటలీ సరిహద్దున నున్న పీఠభూమి నుండి వచ్చిన మాట యది. కళింగపట్నపు ఇసుకపై ఎన్ని వానలు కురిసినను ఇట్టి గుహ ఏర్పడదు. కరగుటకు సున్నపురాయి ఉండవలయును గదా!

కరగిన సున్నమే కప్పునుండి చుక్కలుగా జారుచు, వాయువు విడిపోగా మఱల రాయి యగును. పైనుండి ఊడ దిగును, క్రిందినుండి మొటిమ లేచును. తరతరములకు రెండును కలిసి స్తంభమగును. దానిని విఱుచుటకు మాత్రము ఒక్క క్షణము చాలును.

గొయ్యియే గుమ్మమైన వింత రాయలసీమలోని బెలుం గుహలలో ఇంకను స్పష్టము. అక్కడ కొండలేదు, చదునైన నేలలో బావులవంటి గోతులు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వానిని గుర్తించెను. 1982, 1983లలో డేనియల్ గెబావర్ బృందమువారు లోపల దిగి, ప్రాకి, కొలిచిరి. తెలియవచ్చిన పొడవు 3,229 మీటర్లు. అయినను చాలకాలము చుట్టుప్రక్కల చెత్తకు ఆ గోతులే గతి యైనవి.

గోతిలో పడినది మాయమైనదని మనుష్యుని భ్రమ. ఇసుక నీటిని వడగట్టును. సున్నపురాతి సొరంగము వడగట్టదు, మోసికొనిపోవును. బొర్రా దాటిన గోస్తని విజయనగరము జిల్లాలో తాటిపూడి జలాశయమున నిలుచును. విహారయాత్రకు వచ్చిన బాలుడు గుహలో పాఱవైచిన పొట్లము దిగువకు పోవు త్రోవ అదే. విశాఖపట్నపు ఇండ్లలో కొన్నింట త్రాగుచున్నది తాటిపూడి నీరే.