అమ్మ నిద్రపోయిన సినిమాలు

'అమ్మకి కొత్త సినిమాలు నచ్చవు' అన్న మాట మా ఇంట్లో ఎప్పుడో ఖాయమైపోయింది. పాత సినిమా వస్తుంటే కదలకుండా కూర్చుంటుంది. నవ్వాల్సిన చోట అందరికంటే ముందు నవ్వుతుంది. కొత్తది పెడితే మాత్రం అరగంటలో కునుకు. లేదా 'పొయ్యి మీద పాలున్నాయి' అంటూ లేచి వెళ్లిపోతుంది. ఆ పాలు అప్పటికే తోడుపెట్టి ఉంటాయి! ఆ కాలం వాళ్ల రుచి అంతేలే అని మేమూ నవ్వి ఊరుకునేవాళ్లం.

ఈ మధ్య తలనొప్పి అంటుంటే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరిపోయాయట. 'మూడు నాలుగేళ్లుగా ఈవిడకి సరిగ్గా కనిపించి ఉండదే, మీరెవరూ గమనించలేదా?' అన్నారాయన. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నాకు నోట మాట రాలేదు. అమ్మే అంది, 'పోనీలేరా, పాత సినిమాలు చూడాలేంటి, వింటే చాలదూ!'

అదన్నమాట సంగతి. మా అమ్మ ఇన్నాళ్లూ సినిమాలు వింటోంది.

మొదటి కంటికి ఆపరేషనయ్యాక కొన్నాళ్లు టీవీ తగ్గించమన్నారు. 'చూడొద్దన్నారు గానీ వినొద్దనలేదుగా' అని నల్లకళ్లద్దాలు పెట్టుకుని కుర్చీలో వాలింది. నాకూ ఓ బుద్ధి పుట్టింది. పక్కన కూర్చుని నేనూ కళ్లు మూసుకున్నాను.

ముందు 'మిస్సమ్మ' (1955). చెబితే నమ్మరు, రెండున్నర గంటల పైచిలుకు సినిమాలో నాకు కళ్లతో పని పడలేదు. ఎవరొచ్చారు, ఎవరికి కోపమొచ్చింది, ఎవరు ఎవరి దగ్గర ఏం దాస్తున్నారు... అంతా చక్రపాణి మాటల్లోనే ఉంది. రేలంగి గొంతు వినగానే నవ్వొచ్చేస్తుంది. సావిత్రి విసుగు గొంతులోనే కనిపిస్తుంది. పూర్వం ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం అని సినిమాని గంటకి కుదించి వినిపించేవారు, గుర్తుందా? అమ్మ పెళ్లికి ముందు సగం సినిమాలు అలా 'చూసిందే'నట. హాలుకి పంపించే వాళ్లెవరు మరి!

ఆ మర్నాడు 'ఆర్ఆర్ఆర్' పెట్టాను. 2022లో హాల్లో ఈల వేసి మరీ చూసిన సినిమా. కళ్లు మూసుకుని వింటే ముందు పులి అరిచింది, తర్వాత జనం అరిచారు, ఆ తర్వాత వాయిద్యాలన్నీ కలిసి అరిచాయి. జంతువులు బండిలోంచి దొర బంగళా మీదికి దూకే ఘట్టంలో అమ్మ, 'ఒరే, ఇప్పుడు అరిచింది మనిషా, పులా?' అనడిగింది. కళ్లు తెరిచి క్రికెట్ కామెంటరీలా చెప్పుకుపోయాను. అది సినిమా తప్పు కాదు. రాజమౌళి తీసింది కళ్లకి. కాకపోతే కళ్లు లేని ప్రేక్షకురాలికి అక్కడ కూర్చోడానికి చోటు లేదు, అంతే. 'సీతారామం' (2022) నయం. ఉత్తరాలు పైకి చదువుతారు కాబట్టి అమ్మ చివరిదాకా మెలకువగానే ఉంది.

'కేరాఫ్ కంచరపాలెం' (2018) వింటున్నప్పుడు ఇంకో సంగతి తట్టింది. మాది విజయనగరం వైపు. ఉంటున్నది విశాఖలో, కంచరపాలెం పక్క పేటే. సినిమాలో వాళ్లు నోరు తెరవగానే అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. 'వీళ్లు మనోళ్లురా!' అంది. ఆ యాస పాత సినిమాల్లో ఎప్పుడు వినబడినా పనివాడికో, నవ్వించేవాడికో పెట్టేవారు. ఇందులో ప్రేమించేవాడు, ఏడ్చేవాడు కూడా ఆ యాసలోనే మాట్లాడతాడు. నటించినవాళ్లలో చాలామంది ఆ పేటవాళ్లే. మాటల విషయంలో పాతవాళ్లని మించినవాళ్లు లేరనే నేను, ఇక్కడ మాత్రం వెంకటేశ్ మహాకే ఓటేస్తాను. చివరి మలుపు చెప్పను. అమ్మకి నేను చెప్పాల్సొచ్చింది, సగం పాడైపోయింది.

ఇక 'బలగం' సంగతి చెప్పుకోవాలి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

2023లో ఆ సినిమా ఇంట్లో అందరం కలిసి చూశాం. తెలంగాణ పల్లెలో ఓ పెద్దాయన పోతాడు. పిండం పెడితే కాకి ముట్టదు. ఎప్పుడో భోజనాల దగ్గర నల్లిబొక్క కోసం మొదలైన తగువు ఏళ్ల తరబడి ఆ కుటుంబాన్ని చీల్చి ఉంటుంది. ఊరూరా తెర కట్టి వేసుకుని మరీ ఏడ్చారు జనం ఆ సినిమాకి. పిండం పెట్టాక ఎవరూ మాట్లాడరు. అందరూ చెట్టు వైపు చూస్తుంటారు. మా గదిలోనూ అదే నిశ్శబ్దం. అప్పుడు అమ్మ, 'ఏమైందిరా?' అంది. నేను చెప్పలేదు. ఓ నిమిషం ఆగి మళ్లీ అడిగింది. 'కనిపిస్తోంది కదమ్మా, చూడొచ్చుగా!' అని కసిరాను.

అమ్మ ఏమీ అనలేదు. కాసేపటికి పాలున్నాయంటూ లేచి వెళ్లింది.

ఇప్పుడు రెండో కన్ను కూడా అయిపోయింది. అద్దాలు తీసిన రోజు ఇల్లంతా కలయజూసి, 'ఈ గోడలు ఇంత మురిగ్గా ఉన్నాయేంట్రా' అని మా ఆవిడ వినేలా అంది. తర్వాత నా వంక చూసి, 'నీకు జుట్టంతా ఎప్పుడు నెరిసింది?' అనడిగింది.

చూపొచ్చాక మొదటి సినిమా 'మాయాబజార్' అంది. 1957 నాటిది. 2010లో రంగులద్ది విడుదల చేశారు కదా, అదే పెట్టాను. పది నిమిషాలు చూసి, 'రంగులు బాగానే ఉన్నాయి గానీ వెన్నెల ఏదిరా?' అంది. తెలుపూ నలుపూ పెట్టాను. మార్కస్ బార్‌ట్లే వెన్నెల నీళ్ల మీద పరుచుకోగానే, 'ఆఁ, ఇది' అంది. పింగళి మాటలు చెవికి ఓ సినిమా, బార్‌ట్లే మాయలు కంటికి ఇంకో సినిమా. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి వెళుతుంటే అమ్మ చిన్నపిల్లలా చూసింది. ఇన్నాళ్లూ ఎస్వీ రంగారావు నవ్వు విని నవ్విందట.

అమ్మ ఇప్పుడు క్యాలెండర్ వెనక జాబితా రాస్తోంది, తను నిద్రపోయిన సినిమాలన్నీ. మా అమ్మాయి తెలుగు సినిమాకే ఇంగ్లిషు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటుంది, మాటలు సరిగ్గా వినపడవని. నానమ్మా మనవరాలూ కలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 'వీళ్లంతా చీకట్లోనే మాట్లాడుకుంటారేమే? కరెంటు బిల్లు భయమా?' అంటుంది అమ్మ. కనిపించినా కొన్ని నచ్చడం లేదు, ఆ మాటా చెప్పాలి. ఒకదానికి మొన్న మళ్లీ నిద్రపోయింది. ఏ సినిమాయో చెప్పను.

'బలగం' నేనే పెట్టాను. కాకి కోసం అందరూ ఎదురుచూసే చోట నేను అమ్మ వైపే చూస్తున్నాను. 'తెర అక్కడుంటే ఇటు చూస్తావేంట్రా' అంది.

ఈ ఆదివారం 'మహానటి'. కీర్తి సురేష్ అచ్చం సావిత్రిలా ఉందని అప్పట్లో అందరితోపాటు తనూ అంది. 'అప్పుడేదో మీరంటే అన్నాను. ఇప్పుడు చూసి చెబుతాను, ఉండు' అంటోంది.